ఘాట్ రోడ్డులో ఆగిన కారును ఎలా లాక్కెళ్ళాలి?



ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం ఇంట్లో కూర్చుని వింటే చిన్నదిగానే కనిపిస్తుంది. రోడ్డు మీద ఎదురైనప్పుడే అదెంత పెద్దదో తెలుస్తుంది.

రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని మీరు ఇంటిల్లిపాదీ కారులో కోరాపుట్ బయల్దేరారనుకోండి. లక్ష్మీపూర్ దాటారు. కకిరిగుమ్మ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎత్తు ఎక్కుతున్న కారు గట్టిగా మూలిగి ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది గాని బండి కదలదు. క్లచ్చి పోయిందన్నమాట. మబ్బు పట్టింది, చీకటి పడబోతోంది. వెనక సీట్లో పెద్దవాళ్ళున్నారు, చంటిపిల్ల ఉంది. అంతలో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, "ఏటైంది బాబూ? తాడుంటే కట్టండి, లాగేస్తాను" అన్నాడు.

మంచివాడే. మన కొండదారుల్లో అలా ఆగి అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాని ఆ క్షణంలో మీరు తీసుకునే నిర్ణయం మీదే మిగతా ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది. కట్టి లాగించుకోవాలా, వద్దా? లాగించుకుంటే దేనితో, ఎంత దూరం, ఏ వైపుకి? ఇవన్నీ ఒక వరుసలో ఆలోచిద్దాం.

ముందు ఒక దూరదేశపు సంగతి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళు కొందరు సెలవుల్లో మోటార్ హోమ్ అనే బండిని అద్దెకు తీసుకుని దేశం చూడడానికి వెళ్తుంటారు. అందులోనే పడక, వంట, స్నానం అన్నీ ఉంటాయి. అంత పెద్ద బండిని ఊళ్ళో సందుల్లోకి తీసుకుపోలేరు గనక, అలాంటి బండ్లున్నవాళ్ళు చాలామంది వెనకాల ఒక చిన్న కారును తగిలించుకుని లాక్కుపోతారు. ఆ లాగడానికి అక్కడ మూడు పద్ధతులున్నాయి. మొదటిది, కారు నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి ఇనుప కడ్డీతో కలిపి లాగడం. రెండోది, ముందు చక్రాలను ఒక చిన్న రెండు చక్రాల బండి మీదికి ఎక్కించి, వెనక చక్రాలు మాత్రం నేల మీద దొర్లనివ్వడం. మూడోది, కారు మొత్తాన్ని ట్రైలరు మీదికి ఎక్కించేయడం.

మన దేశంలో బాగున్న కారును విహారం కోసం ఇంకో బండి వెనక కట్టి లాక్కెళ్ళడానికి చట్టం ఒప్పుకోలేదు. 1989 రోడ్డు నిబంధనల ప్రకారం ట్రైలరు, సైడ్ కారు వంటివి కాక, చెడిపోయిన బండినీ, తయారీ పూర్తికాని బండినీ మాత్రమే అలా లాగే వీలుండేది. అదీ అప్పగించవలసిన చోటికో, దగ్గరలోని షెడ్డుకో, పెట్రోలు బంకుకో చేర్చడానికి. అంటే ఈ ప్రశ్న మనకు సరదాగా రాదు, బండి చెడిపోయినప్పుడే వస్తుంది. కాని పద్ధతులు మాత్రం అవే మూడు. మనవైపు మొదటిదాన్ని డ్రైవర్లు టోచన్ అంటారు, తాడుతోనో కడ్డీతోనో కట్టి లాగడం. రెండోది క్రేనుతో ఒక వైపు ఎత్తి లాగడం. మూడోది లారీ మీదో, రికవరీ వ్యాను మీదో ఎక్కించి తీసుకెళ్ళడం.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. బండిలో ఏం చెడింది? అది ఎలాంటి బండి? ముందున్న దారి ఎలాంటిది?

మొదటి ప్రశ్న. చెడింది క్లచ్చో, డైనమోనో, పెట్రోలు పంపో, ఇంజను వేడెక్కడమో అయితే బండి తిన్నగా దొర్లుతుంది, ఆపితే ఆగుతుంది. అలాంటిదాన్ని కట్టి లాగవచ్చు. బ్రేకు పోయినా, స్టీరింగు పట్టేసినా, చక్రం దగ్గర ఏదైనా విరిగినా తాడూ వద్దు, కడ్డీ వద్దు. ఎంత ఆలస్యమైనా సరే, ఎక్కించి తీసుకెళ్ళే బండి వచ్చేదాకా ఆగవలసిందే. ఇందులో బేరం లేదు.

రెండో ప్రశ్న, అది ఎలాంటి బండి? పాత అంబాసిడర్‌లో ఇంజను బలం వెనక చక్రాలకు వెళ్ళేది. 1983లో వచ్చిన మారుతి 800తో ముందు చక్రాలను తిప్పే కార్లు మనవైపు మామూలయ్యాయి. ఇప్పుడు చిన్న కార్లలో ఎక్కువ భాగం ఆ రకమే. బొలెరోలాంటి బండ్లు వెనక చక్రాల రకం. చేత్తో గేరు మార్చే కారైతే, ముందు చక్రాల రకమైనా వెనక చక్రాల రకమైనా, గేరు న్యూట్రల్‌లో పెట్టి కొద్ది దూరం నాలుగు చక్రాల మీద లాగడం వల్ల సాధారణంగా నష్టం లేదు.

ఆటోమేటిక్ గేరు కారుతో అలా కాదు. అందులో గేరుపెట్టెకు నూనె అందించే పంపును ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగితే నూనె తిరగదు. కాని చక్రాలు దొర్లుతున్నంతసేపూ లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి. నూనె లేని గానుగలా ఒరుసుకుని, వేడెక్కి చెడిపోతాయి. క్లచ్చి బాగుకు అయ్యే ఖర్చు ఒక ఎత్తు, ఆ గేరుపెట్టెకు అయ్యే ఖర్చు ఒక ఎత్తు. కాబట్టి ఆటోమేటిక్ కారుకు ఇంజను బలం అందే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి లాగాలి, లేదా మొత్తంగా ఎక్కించాలి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం అందే బండినీ, కరెంటు కారునూ లారీ మీదికి ఎక్కించడమే మంచిది. కరెంటు కారులో చక్రాలతో పాటు మోటారూ తిరుగుతుంది, తిరిగితే అది కరెంటు పుట్టిస్తుంది. ఫోర్ వీల్ జీపుల్లో లీవరు ఏ స్థానంలో పెట్టి లాగాలో బండికీ బండికీ మారుతుంది. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో దీనికి ఒక పేజీ ఉంటుంది. ఇవాళే తీసి చదవండి. చీకట్లో, వానలో చదవలేరు.

మూడో ప్రశ్న దారి గురించి. మన ప్రాంతానికి ఇది అన్నిటికంటే ముఖ్యం. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ 200 మీటర్ల పైచిలుకు ఎత్తునే ఉంది. మధ్యలో ఎన్ని ఎక్కుళ్ళు దిగుళ్ళు ఉన్నా, మొత్తం మీద కోరాపుట్ నుంచి రాయగడకు వెళ్ళడమంటే దిగడమే. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి వైపు వెళ్ళే ఘాటు సంగతి మీకు తెలిసిందే. చాలామంది ఎక్కేటప్పుడే లాగడం కష్టమనుకుంటారు. కష్టం ఎక్కేటప్పుడే, నిజమే. ప్రమాదం మాత్రం దిగేటప్పుడు.

ఎందుకో చూద్దాం. ఎక్కేటప్పుడు తాడు బిగుతుగా ఉంటుంది, వెనక కారు ముందు బండికి లొంగి వస్తుంది. దిగేటప్పుడు వెనక కారు తన బరువుతో తానే ముందుకు దూకుతుంది. తాడు లాగడానికే గాని ఆపడానికి పనికిరాదు. కారును ఆపవలసింది అందులో కూర్చున్న మనిషి, తన బ్రేకుతో. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఇప్పటి కార్లలో బ్రేకు నొక్కడానికి మన కాలికి తోడుగా ఇంజను సాయం అందుతుంది. ఇంజను ఆగిపోతే రెండు మూడు సార్లు నొక్కేసరికి ఆ సాయం అయిపోతుంది. ఆపైన పెడలు రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పోలేదు, కాని మామూలుగా నొక్కితే పట్టదు, కాలి బలమంతా పెట్టాలి. పవర్ స్టీరింగూ అలాగే బరువెక్కుతుంది. ఇంజను బాగానే ఉండి క్లచ్చో గేరో చెడితే, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఇంజను నడుపుతూ లాగించుకుంటే ఈ రెండు సాయాలూ అందుతాయి. ఇంజను వేడెక్కి ఆగిన బండితో మాత్రం ఆ పని చేయకండి.

ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక వానాకాలం ఇదే దారిలో మా కారు ఆగిపోయింది. ఒక వ్యాను వెనక కొబ్బరి తాడుతో కట్టించుకున్నాం. స్టీరింగు ముందు నేనే కూర్చున్నాను. ఎక్కుడులో తాడు రెండుసార్లు తెగింది. తెగినచోట ముడివేసి మళ్ళీ కట్టాం. ముడి పడ్డకొద్దీ తాడు పొట్టిదైంది. ఆ తరవాత దిగుడు వచ్చింది. ముందు వ్యానుకు పశువులు అడ్డం వచ్చాయి, అతను బ్రేకు వేశాడు. నేనూ వేశాను, పెడలు కదలలేదు. రెండు కాళ్ళూ పెట్టి తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగితే కారు వ్యానుకు మూరెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. వాళ్ళను ఆ కారులో కూర్చోబెట్టడం నా తప్పు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

తాడు ఎందుకు తెగుతుందో లెక్క కట్టి చూద్దాం. వెయ్యి కిలోల కారు, 20 అడుగులు నడిస్తే 1 అడుగు ఎత్తు పెరిగే దారి అనుకోండి. దాన్ని నిదానంగా పైకి లాగడానికి 50 కిలోల బలం, చక్రాలు దొర్లడానికి ఇంకో 15 కిలోలు, మొత్తం 65 కిలోలు చాలు. ఏ మోస్తరు తాడైనా ఇది భరిస్తుంది. కాని తాడు వదులై, ముందు బండి గంటకు 5 కిలోమీటర్ల వేగం అందుకున్నాక తటాలున బిగిసిందనుకోండి. తాడు 10 సెంటీమీటర్లు సాగి ఆ ఊపును కారుకు అందిస్తే, దాని మీద సగటున టన్నుకు దగ్గరగా బలం పడుతుంది. సాగేది ఒక్క సెంటీమీటరే అయితే ఆ బలం పది రెట్లవుతుంది. ఇనుప గొలుసు దాదాపు సాగదు. అందుకే గొలుసు తెగకపోయినా, అది తగిలించిన కొక్కెం ఊడివస్తుంది. కాబట్టి తెంపేది కారు బరువు కాదు, కుదుపు. కాస్త సాగే గుణమున్న లావుపాటి నైలాన్ తాడో, లాగడానికని తయారుచేసిన పట్టానో వాడితే కుదుపు తగ్గుతుంది. పాత కొబ్బరి తాడు, బావి తాడు, ముడులున్న తాడు వద్దు. ముడి ఉన్నచోట ఏ తాడైనా బలహీనమే.

ఎక్కడ కట్టాలి? బంపరుకు కట్టకండి, ఊడివస్తుంది. స్టీరింగు కడ్డీలకు అసలే కట్టకండి. కారుకు లాగడం కోసమే ఒక కొక్కెం ఇస్తారు. చాలా కార్లలో అది పనిముట్ల సంచిలో ఉంటుంది. బంపరులో చిన్న మూత తీసి మరలా తిప్పి బిగించాలి. కొన్ని కార్లలో ఆ మర ఎడమ చేతి వాటం, మామూలుకు ఎదురు తిప్పితేనే బిగుస్తుంది. బిగియడం లేదని సగంలో వదిలేసి తాడు కట్టినవాళ్ళున్నారు. చివరిదాకా బిగించండి. ట్రాక్టరుతో లాగిస్తే తాడును కింద ఉండే కొక్కేనికే కట్టాలి. పైన ఎత్తున కడితే బరువుకు ట్రాక్టరు ముందు చక్రాలు లేచిపోతాయి.

తాడు పొడవు విషయంలో ఆ 1989 నిబంధనలే మంచి కొలత చెప్పాయి. రెండు బండ్ల మధ్య ఖాళీ 5 మీటర్లకు మించకూడదు. తాడు ఇతరులకు స్పష్టంగా కనిపించాలి. వెనక కారుకు వెనక భాగాన తెల్లని అట్ట మీద 75 మిల్లీమీటర్లకు తగ్గని నల్ల అక్షరాలతో 'ఆన్ టో' అనే ఇంగ్లీషు మాటలు ఉండాలి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. లాగబడే కారులో లైసెన్సున్న మనిషి స్టీరింగు దగ్గర కూర్చోవాలి, లేదా దాని స్టీరింగు చక్రాలను క్రేనుతో నేల నుంచి ఎత్తి ఉంచాలి. 2017లో వాటి స్థానంలో కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి. చట్టం మాట అలా ఉంచి, ఘాటులో ఈ కొలతలను మీ ప్రాణానికి కట్టుకున్న రక్షరేకుగా భావించండి. 5 మీటర్ల కంటే బాగా పొట్టి తాడైతే ఆపడానికి వ్యవధి ఉండదు. మరీ పొడవైతే మలుపులో కారు లోపలికి కోసుకుపోతుంది, మధ్యలోంచి మోటారు సైకిలు దూరే ప్రమాదమూ ఉంది. తాడు మధ్యన ఎర్రగుడ్డ కట్టండి. ఒక పాత దుప్పటి కూడా తాడు మీద వేసి కట్టారంటే, తెగినా కొరడాలా విసురుగా వచ్చి తగలదు. తాడు బిగిసేటప్పుడు ఎవరూ దగ్గర నిలబడకూడదు.

తాడు కంటే కడ్డీ మేలు. రెండు చివరలా కొక్కేలున్న ఇనుప కడ్డీ లాగుతుంది, ఆపుతుంది కూడా. కుదుపు ఉండదు. ముందు బండి బ్రేకు వేస్తే వెనక కారు వెళ్ళి గుద్దుకోదు. అయితే కారు బరువు దిగుడులో ముందు బండిని తోస్తుంది. అందుకని లాగే బండి, లాగబడే దానికంటే బరువైనదై ఉండాలి. చిన్న కారుతో పెద్ద జీపును లాగించకండి. సాలూరు లారీలకు పేరున్న ఊరు, అలాంటి చోట మెకానిక్కు షెడ్లలో అడిగితే కడ్డీ దొరకవచ్చు.

లాగడం మొదలుపెట్టే ముందు ఇద్దరు డ్రైవర్లూ ఒక మాట అనుకోవాలి. ఒక హారనంటే ఆగు, రెండంటే బయల్దేరు, అలా ఏదో ఒకటి. ముందు డ్రైవరు క్లచ్చి మెల్లగా వదులుతూ తాడు బిగిసేదాకా అంగుళాల మీద కదలాలి. దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులోకి మార్చుకోవాలి. వెనక డ్రైవరు తాళంచెవి ఆన్‌లో ఉంచాలి, తీసేస్తే మలుపులో స్టీరింగు లాకైపోతుంది. హ్యాండ్ బ్రేకు దింపారో లేదో చూసుకోవాలి. కళ్ళు ముందు బండి బ్రేకు దీపం మీదే ఉండాలి. కొద్దికొద్దిగా బ్రేకు తగిలిస్తూ తాడు వదులు కాకుండా చూసుకోవాలి. హెచ్చరిక దీపాలు వెలుగుతూ ఉండాలి. డ్రైవరు తప్ప ఆ కారులో ఇంకెవరూ ఉండకూడదు. పిల్లల్నీ పెద్దవాళ్ళనూ బస్సెక్కించండి, లేదా వేరే బండిలో పంపండి.

క్రేను వస్తే రెండు మాటలు గుర్తుంచుకోండి. ముందు చక్రాలకు బలం అందే కారును ముందు వైపు ఎత్తాలి, వెనక హ్యాండ్ బ్రేకు దింపాలి. అది మరిచిపోతే పది కిలోమీటర్లు వెళ్ళేసరికి వెనక చక్రాల దగ్గర పొగ వస్తుంది. వెనక వైపు ఎత్తి లాగితే ముందు చక్రాలు తిన్నగా ఉండేలా స్టీరింగును గట్టిగా కట్టాలి.

ఇక లారీ మీద ఎక్కించడం. ఖర్చు ఎక్కువే, వెతుక్కోవాలి, ఎక్కించడానికి తగిన దిమ్మో వాలు పలకలో కావాలి. కాని ఎలాంటి కారుకైనా, ఎలాంటి లోపానికైనా, ఎలాంటి ఘాటుకైనా పనికొచ్చే పద్ధతి ఇదొక్కటే. ఎక్కించాక గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టి, చక్రాలను పట్టాలతో బిగించాలి.

ఇప్పుడు మళ్ళీ కకిరిగుమ్మ దారికి వద్దాం. మీ కారు చేత్తో గేరు మార్చేది, పోయింది క్లచ్చి, బ్రేకులు బాగున్నాయి. కకిరిగుమ్మ దగ్గరే ఉంది. ఇంజను నడుపుతూ, న్యూట్రల్‌లో, మంచి తాడుతో ఆ లారీ వెనక కట్టించుకుని ఊళ్ళోకి చేరవచ్చు. ఇంటివాళ్ళు బస్సులో వస్తారు. అక్కడ షెడ్డులో పని జరిగితే సరే. జరగక, రాయగడ దాకా దింపాలంటే తాడు విప్పేయండి, లారీ మీదికి ఎక్కించండి. కారు ఆటోమేటిక్ అయినా, వాన పెద్దదైనా, చీకటి పడినా అక్కడికక్కడే రోడ్డు అంచున ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, వెనకాల ముక్కోణపు బోర్డు దూరంగా నిలబెట్టి సాయం కోసం పిలవండి. జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనా అత్యవసరానికి 112. ఫోను అందని మలుపైతే వెళ్ళే బస్సు కండక్టరుతో కబురు పంపండి. మీ బీమాలో దారిలో ఆగిన బండికి సాయం ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ప్రమాదానికి ఇచ్చేది వేరు, ఊరికే చెడిపోయినదానికి ఇచ్చేది వేరు.

సాయానికి ఆగిన డ్రైవరు తొందరపెడతాడు, పాపం అతని సరుకు అతనికి ఉంటుంది. తాడు పాతదైతే, దిగుడు ముందుంటే, "వద్దు నాయనా, కోరాపుట్‌లో షెడ్డువాళ్ళకు ఈ కబురు చెప్పు, అంతే చాలు" అనడానికి మొహమాటపడకండి. అతనూ ఏమీ అనుకోడు. ఘాటు సంగతి మనకంటే అతనికే బాగా తెలుసు.

రేపు వీలు చూసుకుని మీ కారు డిక్కీ తెరవండి. లాగే కొక్కెం ఉందా, తాడు బాగుందా, ఎర్రగుడ్డ, టార్చి, ముక్కోణపు బోర్డు, రెండు చెక్కదిమ్మలు ఉన్నాయా చూడండి. లేనివి కొని పెట్టుకోండి. వానలు పడకముందే ఆ పని అయిపోతే మంచిది.